మోటారు కిటికీ తెరలు

కిటికీ తెరను చేత్తో లాగే పని లేకుండా, చిన్న విద్యుత్ మోటారుతో ఎత్తి దించే సాధనం మోటారు బ్లైండ్. దానికి రేడియోనో వైఫైనో తగిలించి ఫోనుతో, మాటతో, లేదా పెట్టిన వేళకు దానంతటదే నడిచేలా చేస్తే అంగడిలో దాని పేరు స్మార్ట్ బ్లైండ్. గొట్టానికి చుట్టుకునే రోలర్ తెర, పలకలు ఒరిగే వెనీషియన్, మడతల మధ్య గాలి గదులుండే సెల్యులార్, పట్టా మీద పక్కకు జరిగే కర్టెన్... అన్నిటికీ ఇప్పుడు మోటార్లు దొరుకుతున్నాయి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది రోలర్ తెరే కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ఈ తెరల మీద వినిపించే ఫిర్యాదు "అస్సలు పనిచేయదు" అని కాదు, "ఒక్కోసారి పనిచేయదు" అని. మూడు కిటికీల తెరలు దిగుతాయి, నాలుగోది సగంలో నిలబడుతుంది. మర్నాడు అదే సజావుగా దిగుతుంది. నిందంతా యాప్ మీద పడుతుంది. కానీ ఇందులో ఒకదాని మీద ఒకటి ఆనుకున్న అంచెలు ఏడున్నాయి: గొట్టం, గుడ్డ, మోటారు, కరెంటు, రేడియో, ఆపైన ఫోనుకూ తెరలకూ మధ్య మాట అందించే హబ్, యాప్. అడుగున ఏది సరిగ్గా లేకపోయినా ఆ లోపం బయటపడేది ఫోనులోనే. అందుకే అమర్చేటప్పుడూ చెడినప్పుడూ కింది నుంచి చూసుకుంటూ రావాలి. యాప్ లేకపోతే రిమోట్‌తో, రిమోట్ పోతే గోడ మీది బటన్‌తో నడిచే తెరనే నమ్మవచ్చు.

తాడు నుంచి మోటారు దాకా

వెనీషియన్ తెరకు లండన్‌లో ఎడ్వర్డ్ బెవన్ 1769లో పేటెంట్ తీసుకున్నాడు. పలకలను కావలసినంత ఒంచి నిలిపే పద్ధతికి అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌కు చెందిన జాన్ హాంప్సన్ 1841లో పేటెంట్ పొందాడు. నేటి రోలర్ తెరకు అసలు పూర్వీకుడు మాత్రం స్టూవర్ట్ హార్ట్‌షార్న్. గొట్టం లోపల స్ప్రింగు పెట్టి, కాస్త కిందికి లాగి వదిలితే గుడ్డ పైకి చుట్టుకునే ఏర్పాటుకు ఆయన 1864లో పేటెంట్ తీసుకున్నాడు. స్ప్రింగు ఉన్న చోట సన్నని మోటారును దూర్చడమే ఆ తర్వాత జరిగిన పని.

ఆ పనిని పరిశ్రమగా మార్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది ఫ్రాన్స్ సంస్థ సోంఫీని. 1969లో క్లూజ్ అనే పట్టణంలో అది మొదలైంది. ఆల్ప్స్ పాదాల దగ్గరి ఆ లోయ గడియారాల భాగాలకు, సన్నని లోహపు పనికి పేరుమోసింది. వేలెడు లావు గొట్టంలో మోటారు, పళ్ళచక్రాలు, బ్రేకు ఇమడ్చడానికి అంతకన్నా తగిన చోటు ఉండదేమో. అమెరికాలో దీపాల కాంతి తగ్గించే డిమ్మర్లతో పేరు తెచ్చుకున్న జోయెల్ స్పైరా 1961లో స్థాపించిన లూట్రాన్ కూడా తర్వాత ఈ రంగంలోకి వచ్చింది. చాలా కాలం ఇవి సంపన్నుల ఇళ్ళకూ హోటళ్ళకూ పరిమితం. 2019లో ఐకియా తన ఫిర్టూర్, కాడ్రిల్య్ తెరలను బ్యాటరీతో, జిగ్‌బీ రేడియోతో, అంతకుముందు లేని ధరకు తెచ్చాక మధ్యతరగతి వాళ్ళు కూడా ఇటు చూడటం మొదలైంది.

అమెరికాలో ఈ మార్పుకు ఇంకో కారణం పసిపిల్లల భద్రత. కిటికీ తెరల తాళ్ళు మెడకు చుట్టుకుని ఏటా సగటున తొమ్మిదిమంది దాకా అయిదేళ్ళ లోపు పిల్లలు చనిపోతున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతూ వచ్చింది. వేలాడే తాళ్ళను చాలా మటుకు నిషేధించే కొత్త పరిశ్రమ ప్రమాణం 2024 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ కొత్త ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు తాడు లేని తెరో మోటారు తెరో ఎదురవడం ఇప్పుడు మామూలే.

గొట్టం, గుడ్డ, రసమట్టం

మోటారు ఎంత బలంగా ఉండాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మీటరున్నర వెడల్పు, రెండు మీటర్ల పొడవున్న తెరకు చదరపు మీటరు 400 గ్రాములు తూగే మందపాటి గుడ్డ వేశామనుకుందాం. గుడ్డ 1.2 కిలోలు, కింది పట్టీ అరకిలో, మొత్తం 1.7 కిలోలు. గొట్టం వ్యాసం 38 మిల్లీమీటర్లయితే వ్యాసార్ధం 19. బరువును వ్యాసార్ధంతో గుణిస్తే సుమారు 0.32 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం వస్తుంది. రాపిడికి ఇంకో సగం కలుపుకున్నా 0.5 దాటదు. ఒక న్యూటన్ మీటరు మోటారు హాయిగా లాగుతుంది. కాబట్టి ఇంటి కిటికీల్లో మోటారు బలం చాలక ఆగిపోయిన తెరలు తక్కువే. ఆగినవాటిలో ఎక్కువ భాగం గుడ్డ పక్కకు జరిగి బ్రాకెట్‌కు రాసుకున్నవి.

గుడ్డ పక్కకు జరగడానికి మూల కారణం గొట్టం మట్టంగా లేకపోవడం. బ్రాకెట్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని కంటితో చూసి చెప్పడం కుదరదు, రసమట్టం పెట్టి చూడాల్సిందే. కిటికీ పైఅంచును ఆనవాలుగా తీసుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ అంచే వాలుగా ఉండొచ్చు. మట్టం సరిగ్గా ఉన్నా గుడ్డ కుడికి జరుగుతుంటే ఒక పాత చిట్కా ఉంది. తెరను పూర్తిగా దించి, బయటపడ్డ గొట్టానికి ఎడమ చివర అంగుళం ముక్క టేపు అంటించి మళ్ళీ చుట్టాలి. ఆ చివర గొట్టం వెంట్రుకవాసి లావై గుడ్డను తన వైపు లాక్కుంటుంది. చాలకపోతే దాని మీద ఇంకో ముక్క.

వెడల్పు కిటికీలది వేరే గొడవ. మూడు మీటర్ల కిటికీకి 38 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే నడుమ కిందికి వంగుతుంది, గుడ్డ మధ్యలో కోసుగా ముడతలు పడతాయి. దానికి మందు లావుపాటి గొట్టమే, పెద్ద మోటారు కాదు. లేదంటే రెండు తెరలుగా విడగొట్టాలి.

మన ఇళ్ళలో ఇంకో రెండు చిక్కులున్నాయి. జిప్సం ఫాల్స్ సీలింగ్‌కు నేరుగా స్క్రూలు బిగిస్తే రోజూ కదిలే బరువును అది మోయలేదు. సీలింగ్ చేసేటప్పుడే ఆ చోట లోపల ప్లైవుడ్ పట్టీ వేయించుకోవాలి. రెండోది, యూపీవీసీ కిటికీకి దోమతెర రెక్క, దాని పిడి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. తెర కింది పట్టీ దిగుతూ దిగుతూ ఆ పిడి మీద కూర్చుంటే గుడ్డ వదులై చిక్కుపడుతుంది. కొలతలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు గోడ నుంచి గోడకు కొలుస్తారు గాని పిడి ఎంత ముందుకుందో కొలవడం మరిచిపోతుంటారు.

హద్దులు పెట్టడం

తెర ఎక్కడ ఆగాలో మోటారుకు ముందుగా చెప్పాలి. పాత మోటార్లలో చిన్న మరలు తిప్పి హద్దులు పెట్టేవారు. కొత్తవాటిలో గొట్టం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే సెన్సరు ఉంటుంది. మోటారు తల దగ్గరున్న బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర ఒక్కసారి పైకీ కిందికీ కదిలి ఆగుతుంది. "సరే, వింటున్నాను" అనడం అది. అప్పుడు రిమోట్‌తో తెరను పై హద్దుకు తెచ్చి గుర్తు పెట్టించాలి, తర్వాత కింది హద్దుకు. పై హద్దును మరీ పైకి పెడితే కింది పట్టీ పెట్టెలోకి దూరి ఇరుక్కుంటుంది. ఒక వేలెడు తగ్గించి పెట్టడం మేలు.

చేత్తో లాగడానికి వీలుగా చేయని మోటారు తెరను పిల్లలెవరైనా పట్టుకుని గుంజితే గుడ్డ గొట్టం మీద జారుతుంది. మోటారు లెక్క మోటారుదే, గుడ్డ ఉన్న చోటు వేరే. ఆ తర్వాత తెర కిటికీ గట్టుకు నాలుగు వేళ్ళ పైన ఆగిపోతూ ఉంటే రేడియోను అనుమానించనక్కర్లేదు, హద్దులు మళ్ళీ పెడితే చాలు. గుడ్డను గొట్టానికి రెండువైపుల జిగురున్న టేపుతో అంటించిన చోట మే నెల ఎండకే ఇది జరగొచ్చు. గాడిలో బిగించే ప్లాస్టిక్ పట్టీ ఉన్న గొట్టం అడిగి తీసుకోవాలి.

కరెంటు

ఇల్లు కట్టుకుంటున్నప్పుడో మరమ్మతులు చేయిస్తున్నప్పుడో అయితే ప్రతి కిటికీ పైమూలకు ఒక వైరు లాగించుకోవడం కన్నా మంచి పని లేదు. ఆ ఖర్చు తెర ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రాదు. గోడలు పూర్తయ్యాక బ్యాటరీ తెరలే దిక్కవుతాయి.

వైరు ఉన్న 230 వోల్టుల మోటారుకు పైకి వెళ్ళడానికి ఒక తీగ, కిందికి రావడానికి ఒక తీగ ఉంటాయి. ఎలక్ట్రీషియన్ అలవాటుగా రెండు మామూలు స్విచ్‌లు పెట్టేస్తే ఎవరో ఒకరు ఏదో ఒకనాడు రెండూ ఒకేసారి వేస్తారు, మోటారు కాలుతుంది. ఒకటి నొక్కితే రెండోది పనిచేయకుండా అడ్డుకునే జంట స్విచ్ కావాలి. పక్కపక్క కిటికీల మోటార్లు రెండింటిని ఒకే స్విచ్‌కు నేరుగా కలపడమూ తప్పే. ఒక మోటారులోంచి కరెంటు రెండోదానిలోకి ఎదురు పారి, హద్దు దగ్గర ఆగాల్సిన తెర అటూ ఇటూ ఊగుతుంది. మధ్యలో రిలే ఉండాలి.

బిగించిన రోజున జరిగే ఇంకో కంగారు ఉంది. ఈ మోటార్లు ఆపకుండా నాలుగు నిమిషాలకు మించి తిరగడానికి తయారైనవి కావు. హద్దులు సరిచూస్తూ ఎత్తి దించి, ఎత్తి దించి పరీక్షిస్తే లోపలి వేడి రక్షణ మోటారును ఆపేస్తుంది. కొత్త మోటారు కాలిపోయిందని ఇంటివాళ్ళు బెంబేలెత్తుతారు. ఒక పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేస్తే అదే తిరుగుతుంది.

బ్యాటరీ తెరలకు అమ్మేవాళ్ళు చెప్పే ఆరు నెలల లెక్క రోజుకు ఒకసారి ఎత్తి ఒకసారి దించే ఇంటికి వర్తిస్తుంది. సినిమా పెట్టిన ప్రతిసారీ, ఎండ మారిన ప్రతిసారీ కదిపితే ఆ మేరకు తగ్గుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు పరికరం మాటిమాటికీ హబ్‌ను వెతుక్కుంటూ తిరక్కుండానే బ్యాటరీ తినేస్తుందన్నది చాలామంది పట్టించుకోని సంగతి. పడమటి కిటికీ గాజు వెనక మధ్యాహ్నం పూట వేడి మరీ ఎక్కువ. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు కాబట్టి ఆ పని రాత్రికో పొద్దున్నకో పెట్టుకోవాలి. గాజుకు అంటించే చిన్న సోలార్ పలకలు దక్షిణం, పడమర కిటికీలకు బాగానే పనికొస్తాయి. ఎండను వెనక్కి కొట్టే అద్దాల వెనక వాటికి అందే వెలుగు అంతంతమాత్రం.

కరెంటు పోయి వచ్చే ఇళ్ళలో రౌటర్‌ను, హబ్‌ను ఇన్వర్టర్ లైను మీద పెట్టాలి. లేకపోతే కరెంటు వచ్చిన వెంటనే హబ్ ముందు లేచి, రౌటర్ ఇంకా లేవక, దారి దొరక్క అలాగే కూర్చుంటుంది. "కరెంటు పోయినప్పుడల్లా సెట్టింగులు పోతున్నాయి" అనే ఇళ్ళలో తరచు జరిగేది ఇదే.

రేడియో

రిమోట్ తెరల్లో ఎక్కువ భాగం 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతాయి. చవకైన రిమోట్లది సాధారణంగా 433.92, సోంఫీ పాత ఆర్‌టీఎస్ పద్ధతిది 433.42. తేడా అర మెగాహెర్ట్జే అయినా, అన్ని రిమోట్లనూ నేర్చుకుంటుందని అమ్మే డబ్బా దీన్ని నేర్చుకోలేకపోవడానికి అది చాలు. పైగా ఆర్‌టీఎస్ నొక్కిన ప్రతిసారీ కోడ్ మార్చుకుంటుంది. ఈ తరహా రేడియోల్లో చాలా వాటికి ఇంకో పరిమితి ఉంది: ఆజ్ఞ వెళ్తుంది గాని జవాబు రాదు. తెర దిగిందో లేదో హబ్‌కు తెలియదు, దిగే ఉంటుందని ఊహించుకుని యాప్‌లో "మూసి ఉంది" అని చూపిస్తుంది. యాప్ ఒకటి, కిటికీ మరొకటి చెప్పడానికి కారణం ఇదే.

మోటారు అల్యూమినియం గొట్టంలో ఉంటుంది. లోహం రేడియోను అడ్డుకుంటుంది కాబట్టి జానెడు సన్నని తీగ ఒకటి మోటారు తల నుంచి బయటికి వేలాడుతూ ఉంటుంది. అదే ఏంటెనా. అందంగా లేదని దాన్ని చుట్టచుట్టి పెట్టెలో కుక్కేసే పనివాళ్ళు ఉన్నారు, కత్తిరించేవాళ్ళూ ఉన్నారు. పక్క గదిలోంచి రిమోట్ అందడం మానేస్తే మొదట చూడాల్సింది ఆ తీగను.

జిగ్‌బీ, థ్రెడ్ రేడియోలు రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, తక్కువ శక్తితో, ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి మాట అందించుకుంటూ పనిచేస్తాయి. అయితే అలా అందించేవి ఎప్పుడూ కరెంటు మీదుండే ప్లగ్గులు, బల్బులు. బ్యాటరీ తెరలు నిద్రపోతూ మధ్యమధ్య లేస్తాయి, అవి ఎవరి మాటనూ మోయవు. ఇంట్లో పది బ్యాటరీ తెరలున్నా నెట్‌వర్క్ ఇసుమంతైనా బలపడదు. స్మార్ట్ బల్బు మాటలు మోస్తుంటే, పెద్దవాళ్ళెవరో అలవాటు కొద్దీ గోడ స్విచ్ కట్టేయగానే దాని మీద ఆధారపడ్డ పడకగది తెర తెగిపోతుంది. రాత్రి మాత్రమే పనిచేయని తెర కథ చాలా ఇళ్ళలో ఇదే. హాలుకూ పడకగదికీ మధ్య ఎవరూ ఆపని ఒక స్మార్ట్ ప్లగ్గు పెడితే తీరుతుంది. అమెరికా ఇళ్ళ బోలు గోడలను లెక్కేసి డబ్బా మీద రాసిన దూరాన్ని మన ఇటుక, కాంక్రీటు గోడల ఇళ్ళలో నమ్ముకోకూడదు.

అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫై కూడా ఉంటుంది. రౌటర్ వైఫై చానల్ ఒకటికో ఆరుకో కట్టి, జిగ్‌బీని 25కు మారిస్తే రెండూ ఒకదాని దారికి ఒకటి అడ్డురావు. కంప్యూటర్ యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి వచ్చే రొద కూడా ఈ పట్టీలోనే పడుతుంది. జిగ్‌బీ స్టిక్‌ను నేరుగా పోర్టుకు గుచ్చకుండా మీటరు పొడవు వైరుతో దూరంగా పెట్టగానే "పాడైన" తెరలు బాగుపడటం కద్దు. నేరుగా వైఫైకి కలిసే తెరలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కలుస్తాయి. ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే మొదటిసారి జతపరచడం దగ్గరే ఆగిపోవచ్చు.

జెడ్-వేవ్ అనే ఇంకో రేడియో పద్ధతి దేశానికో పౌనఃపున్యంలో నడుస్తుంది. అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్, భారతదేశంలో 865.2. అమెరికా నుంచి మేనల్లుడు సూట్‌కేసులో తెచ్చిన జెడ్-వేవ్ తెర ఇక్కడ కొన్న హబ్‌తో మాట్లాడదు. హబ్ కూడా అక్కడిదే తెచ్చుకున్నా చిక్కు తీరదు, ఎందుకంటే ఆ పౌనఃపున్యం మన దేశంలో మొబైల్ ఫోన్లకు కేటాయించిన పట్టీలో ఉంది. పైగా అక్కడి ఇంటి కరెంటు 120 వోల్టులు.

2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ ప్రమాణం మొదటి కూర్పులోనే కిటికీ తెరలకు చోటు దక్కింది. ఒక కంపెనీ తెరను ఇంకో కంపెనీ హబ్‌కు కలపడం దానితో సులువైంది. బలహీనమైన సిగ్నల్‌నూ వంకర గొట్టాన్నీ మ్యాటర్ బాగుచేయదని మాత్రం గుర్తుంచుకోవాలి.

హబ్, వేళలు

ఆజ్ఞ ఇల్లు దాటి ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి తిరిగి రావాల్సిన తెర, ఆ సర్వర్ బతికున్నంత కాలమే స్మార్ట్. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా సంస్థ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఇళ్ళలో హబ్‌లు ఉన్నాయి, స్విచ్‌లు ఉన్నాయి, యాప్‌కు మాత్రం పలికే దిక్కు లేదు. తర్వాత వాడకందార్లలోనే కొందరు కలిసి ఆ సంస్థను కొని మళ్ళీ నడిపించారు. అందరికీ అంత అదృష్టం పట్టదు. కొనేముందు ఇంటర్నెట్ వైరు పీకి చూసి తెర నడుస్తుందో లేదో చూపించమని అడగడం ఒక మంచి పరీక్ష. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్ తెరల నిర్వహణను ఇంటి లోపలే ఉంచుతుంది, కాకపోతే దాన్ని చూసుకునే ఓపికున్న మనిషి ఇంట్లో ఒకరుండాలి.

ఎనిమిది తెరలను ఒక్క మాటతో దించమంటే ఒకటి రెండు ఆ మాట వినకుండా పోవడం మామూలు. ఒక్కోదానికీ మధ్య అర సెకను విరామం పెట్టి, పది సెకన్ల తర్వాత కదలనివాటికి మళ్ళీ చెప్పేలా రాసుకుంటే సగం ఫిర్యాదులు పోతాయి.

వేళలను గడియారానికి కాక సూర్యుడికి కట్టాలి. హైదరాబాదులో నవంబరు చివర సాయంత్రం 5.40కే పొద్దు వాలిపోతుంది, జూలై మొదట్లో 6.55 దాకా ఉంటుంది. ఆరింటికి అని పెట్టిన తెర కొన్ని నెలలు తొందరపడుతుంది, కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. విశాఖపట్నంలో పొద్దు అంతకన్నా దాదాపు ఇరవై నిమిషాల ముందే వాలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఊరు తప్పుగా ఉంటే ఆ తేడా కూడా వచ్చి పడుతుంది.

గాజు బయట

వేడి తగ్గించడమే ఉద్దేశమైతే ఇంటి లోపలి తెర సగం మందే. గాజు దాటి వచ్చిన ఎండ తెరను వేడెక్కిస్తుంది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. వట్టివేళ్ళ తడికెలను, వెదురు తెరలను మనవాళ్ళు వసారా బయట వేలాడదీసింది అందుకే. ఐరోపాలోనూ మోటారు తెరల్లో పెద్ద భాగం గాజుకు బయట వేసేవే. వాటికి గాలివేగం కొలిచే సెన్సరు తప్పనిసరి. గాలి హద్దు దాటితే ఇంట్లోవాళ్ళ ఆజ్ఞతో సంబంధం లేకుండా తెరను పైకి చుట్టేస్తుంది. అంచులు పక్క పట్టాల్లో జిప్పులా జారే తెరలు గాలికి ఇంకాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి.

బాల్కనీలకు ఇప్పుడు వేస్తున్న ఈ జిప్ తెరల విషయంలో కోస్తా ఊళ్ళవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. తుఫానుకు కరెంటు ముందే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సెన్సరు గాలిని పసిగట్టినా మోటారు తిరగదు. కొన్ని బయటి మోటార్లకు తలలో ఒక కన్నం ఉంటుంది. అందులో కొక్కెం పెట్టి తిప్పే పొడవాటి హ్యాండిల్ ఇస్తారు. అది ఉన్న నమూనానే కొని, హ్యాండిల్‌ను అటక మీద పారేయకుండా బాల్కనీ తలుపు వెనక తగిలించుకోవాలి. తుఫాను హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే, తెరలన్నీ పైకి చుట్టేసి మెయిన్ కట్టేయడం అంతకన్నా నయం.